గోడ ఆగిన చోటు

"ప్లగ్గు పీకావా, లేదా?"

ఇస్త్రీ ఆవిడ నోరు తెరిచింది. కొంగు చివర వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్లీ చుట్టుకుంది.

"రోజూ పీకుతాను మేడమ్. నిన్న కూడా పీకే ఉంటాను. కానీ..."

"కానీ?"

"చెయ్యి చాపినట్టు గుర్తుంది. పీకినట్టు గుర్తు లేదు. రాత్రంతా కళ్లు మూసుకుని ఆ చెయ్యినే చూశా. ప్లగ్గు దాకా పోతుంది. అక్కడే ఆగిపోతుంది."

ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే డిటెక్టివ్‌కి కొంచెం తేలిగ్గా ఉండేది.

ఇద్దరూ నిలబడ్డది నిన్న మధ్యాహ్నం కాలిపోయిన లాండ్రీ గుమ్మంలో. నర్సింగ్ చదివే అమ్మాయిల హాస్టలూ, ఈ లాండ్రీ ఒకే భవనం. మధ్యలో అడ్డంగా ఒకటే గోడ. రెండు గంటలు మంటని ఆపగల గోడ అని కాగితాల్లో ఉంది. నిన్న మంట నిజంగానే గోడ దాటలేదు. పొగ మాత్రం దాటింది. రాత్రి డ్యూటీ చేసొచ్చి రెండో అంతస్తులో పగటి నిద్రలో ఉన్న ఒక అమ్మాయి ఆ పొగకి చనిపోయింది.

ఆ పక్క గదిలోనే డిటెక్టివ్ అక్క కూతురు ఉంటుంది. అది కిటికీ చువ్వలకి మొహం ఆనించుకుని బతికింది. పొద్దున అక్క ఫోన్ చేసి ఒక్కటే అడిగింది. "కాలేజీ హాల్లో ఉంచిన పిల్లల్ని సాయంత్రం ఐదింటికి మళ్లీ అదే హాస్టలుకి పంపుతారట. ఆ గోడ పక్కన నా కూతురు పడుకోవచ్చో లేదో నువ్వు చూసి చెప్పవే."

పోలీసులు ఈ ఇస్త్రీ ఆవిడ మీద కేసు రాసేస్తే, తప్పు మనిషిదీ, భవనం మంచిదీ అయిపోతుంది. పిల్లలు తిరిగి వెళ్లిపోతారు. అందుకే డిటెక్టివ్ గుమ్మం దాటింది.

దాటగానే ఆమె అరచేతులు చల్లబడ్డాయి. భయం వేస్తే ఆమెకి అరచేతులే ముందు చెబుతాయి. కిటికీల్లేని గది అది. కాలిన గుడ్డ వాసన గొంతులోకి దిగి కూర్చుంది. పైనుంచి ఎక్కడో ఫాల్స్ సీలింగ్ ముక్క ఒకటి టప్పున ఊడిపడితే ఇద్దరూ ఒకేసారి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. తరవాత ఇద్దరూ సిగ్గుపడి వదిలేశారు.

"నీ బల్ల ఏది?"

ఇస్త్రీ ఆవిడ చూపించింది. బల్ల సగం కాలింది. ఇస్త్రీపెట్టె దాని మీదే నిలబడి ఉంది. తీగ కరిగిపోయింది కానీ ప్లగ్గు కింద నేల మీద పడి ఉంది. డిటెక్టివ్ చేతిగుడ్డతో దాన్ని ఎత్తి టార్చి వెలుగులో పట్టింది.

"ఇలా చూడు. ఈ మూడు పిన్నులూ ఎలా ఉన్నాయి?"

"నల్లగా ఉన్నాయి మేడమ్. మసి."

"గోడకి ఉన్న సాకెట్లో ప్లగ్గు ఉండుంటే పిన్నులు లోపల దాక్కునేవి. పొగ వాటిని తాకేది కాదు, తెల్లగా మెరిసేవి. ఇవి మసి పట్టాయంటే మంట లేచేసరికే ప్లగ్గు బయట ఉంది. నువ్వు పీకావు."

ఇస్త్రీ ఆవిడ అక్కడే బూడిదలో చతికిలబడింది. "పీకానా?" అంది చిన్నపిల్లలా. "అక్కా, నిజంగా పీకానా?"

అక్కడి నుంచి ఆమె మేడమ్ అనడం మానేసింది.

ఇస్త్రీపెట్టె కాకపోతే మరి మంట ఎక్కడిది? డిటెక్టివ్ గదంతా వంగి వంగి చూసింది. హాస్టలు వైపు గోడకి ఆనించి మడత గుడ్డల దొంతరలు ఉన్నాయి. పక్కన ఉన్నవి పైపైనే కాలాయి. మధ్య దొంతర మాత్రం చిత్రంగా ఉంది. ఆమె పైగుడ్డ ఎత్తింది, అంచులు మాత్రమే మాడాయి. నాలుగు మడతలు తీసింది, ఇంకా నలుపు. నడుమకి వచ్చేసరికి గుడ్డే లేదు, వేలితో నొక్కితే పొడి. పుచ్చిన వంకాయ లోపల చూసినట్టుంది. బయటి మంట ఈ దొంతరని కాల్చలేదు. కడుపులో పుట్టిన మంట బయటికొచ్చింది.

"ఇవి ఏం గుడ్డలు?"

"ఆస్పత్రి క్యాంటీన్‌వి. వంటగదిలో చేతులు తుడుచుకునేవి, మూకుళ్లు పట్టుకునేవి. ఎంత ఉతికినా నూనె వాసన పోదు వాటికి."

"ఆరబెట్టే మిషన్లోంచి తీశాక చల్లారబెడతారా?"

"మిషన్లోనే చివర్లో చల్లగాలి తిరుగుతుంది. దానికి చాలాసేపు పడుతుందని ఓనరు ఆపించేశాడు. నాకూ అదే మేలు." ఆవిడ మొహంలో మొదటిసారి కాస్త వెలుగు వచ్చింది. "వేడి మీదే మడత పెడితే ముడతలు పడవు అక్కా. ఇస్త్రీ పని సగం తప్పుతుంది. ఈ కిటుకు కనిపెట్టింది నేనే. ఇక్కడ అందరికీ నేర్పిందీ నేనే."

డిటెక్టివ్ చేతిలోని గుడ్డ మెల్లగా కింద పెట్టింది. నూనె పీల్చిన గుడ్డని వేడివేడిగా మడిచి గుట్టగా పేరిస్తే ఆ వేడి బయటికి పోదు. లోపల్లోపల పెరుగుతుంది. కొన్ని గంటల్లో దానంతటదే అంటుకుంటుంది. ఆ మాట ఇప్పుడే ఈవిడకి చెప్పాలా? ప్లగ్గు పీకినందుకు దక్కిన ఊపిరి ఇంకా పూర్తిగా లోపలికి పోలేదు.

అప్పుడే గుమ్మంలో తాళాల గుత్తి గలగలమంది.

"ఏమ్మా డిటెక్టివ్ గారూ! ఇస్త్రీపెట్టె దొరికిందా? దొరికితే కేసు మూసేద్దాం. నాకు భోజనం వేళైంది."

బీమా కంపెనీ తరఫున వచ్చే తనిఖీ ఆయన. ఊళ్లో అందరూ ముద్రల సారు అంటారు. పోయినేడు ఈ భవనం క్షేమమని ముద్ర వేసింది ఆయనే. ఇప్పుడు ఎందుకు కాలిందో రాయాల్సిందీ ఆయనే. దొంగ చేతికే తాళాలిచ్చినట్టు, ఈ గది తాళంచెవి కూడా ఆయన దగ్గరే ఉంది. ఇందాక డిటెక్టివ్‌కి తలుపు తీసిచ్చి టీకి వెళ్లిందీ ఆయనే.

"దొరికింది. ప్లగ్గు బయటే ఉంది," అంది డిటెక్టివ్.

"మంటలార్పేవాళ్ల కాలికి తగిలి ఊడుంటుంది."

"అప్పుడు ఊడితే పిన్నులు శుభ్రంగా ఉండాలి. చూస్తారా?"

ఆయన చూడలేదు. ఇస్త్రీ ఆవిడ వైపు మాత్రం చూశాడు. "నువ్వేంటి ఇక్కడ? స్టేషన్లో ఉండాల్సినదానివి."

"నేనే పిలిచాను. సరేగానీ సారూ, నాకో సందేహం. పైన స్ప్రింక్లర్లు ఉన్నాయి కదా. వేడికి ఎర్ర గాజు గొట్టం పగిలి నీళ్లు కురవాలి. చూడండి, ఈ మూలన మూడూ పగిలాయి. నీళ్లు మాత్రం పడలేదు. పడుంటే ఈ దొంతర ఇలా పొడైపోయేది కాదు."

"ఎందుకు పడలేదు? పడ్డాయి. చాల్లేదు అంతే. వాల్వు తెరిచే ఉంది, వెళ్లి చూసుకోండి."

"చూశాను, ఇందాకే."

గది మూలన నిలువు పైపుకి పెద్ద ఇనప చక్రం ఉంది. తిప్పి తెరిస్తే చక్రం నడుమలోంచి మరలున్న కడ్డీ ఒకటి జానెడు బయటికి వస్తుంది. మూస్తే లోపలికి పోతుంది. ఇప్పుడు కడ్డీ బయటే ఉంది. డిటెక్టివ్ దాని మీదికి టార్చి తిప్పింది.

"పైపు నల్లన. చక్రం నల్లన. గోడ నల్లన. ఈ కడ్డీ మాత్రం పెళ్లికూతురిలా తళతళలాడుతోంది. గ్రీజు కూడా చెక్కుచెదరలేదు. నిన్న పొగ కమ్మినప్పుడు ఇది లోపల దాక్కుని ఉంది సారూ. అంటే వాల్వు మూసి ఉంది. మంట ఆరాక ఎవరో వచ్చి తెరిచారు. చక్రం మీద మసి నాలుగుచోట్ల వేళ్లంత మేర తుడుచుకుపోయింది."

ముద్రల సారు తాళాల గుత్తిని జేబులోకి తోసేశాడు.

ఇస్త్రీ ఆవిడ సన్నగా అంది. "నా బల్ల పైన గాజు ఊరికే పగిలేది అక్కా, ఆవిరి వేడికి. రెండుసార్లు దుప్పట్లన్నీ తడిసిపోయాయి. అందుకని ఓనరు వాల్వు కట్టేయించాడు. పోయినసారి తనిఖీకి వచ్చినప్పుడు సారుకి కూడా..."

"నోర్ముయ్!"

ఆ అరుపుకి పైనుంచి ఇంకో సీలింగ్ ముక్క రాలింది. ముద్రల సారు తన కుడిచేతిని ప్యాంటుకి రాసుకున్నాడు. చెయ్యి శుభ్రంగానే ఉంది. అయినా రాసుకున్నాడు.

"నిన్న సాయంత్రమే గదికి తాళం పడింది," అంది డిటెక్టివ్. "తాళంచెవి మీ జేబులో ఉంది. మీరు తిప్పినప్పుడు ఆ పగిలిన మూడింట్లోంచి నీళ్లు నెత్తిన పడాలే! పడలేదంటే పైన ట్యాంకు ఖాళీ. ఫైరింజను వాళ్లు మొత్తం లాగేశారు. ఖాళీ అని తెలిసే తిప్పారు. అవునా?"

"మీరు చాలా దూరం పోతున్నారమ్మా." ఆయన గొంతు తగ్గింది. తగ్గాకే అది ఎక్కువ భయపెట్టింది. "వాల్వు సంగతి వదిలేయండి. హాస్టలుకీ దీనికీ సంబంధం లేదు. మధ్యలో గోడ ఉంది. ఇటుక గోడ. ఒక్క బీట పడలేదు. ఆ పిల్ల కిటికీ తీసుకుంది, బయటి పొగ లోపలికొచ్చింది. ఆయుష్షు తీరింది."

"మా అమ్మాయి ఆ పక్క గదిలోనే ఉంది. పొగ మెట్లెక్కి వచ్చిందని చెప్పింది. హాస్టలు మెట్లు మొదలయ్యేది ఈ గోడకి అవతలి హాల్లోంచే."

"పొగ గోడ దూకుతుందా ఏంటి?"

"దూకనిచ్చే గోడైతే దూకుతుంది."

గోడ దగ్గర ఫాల్స్ సీలింగ్ రేకులు ఇంకా ఊడలేదు. గోడ తిన్నగా వాటిదాకా వెళ్లింది. ఆ పైన ఏముందో కింద నుంచి ఎవరికీ కనబడదు. మూలన మడత నిచ్చెన ఉంది. డిటెక్టివ్ దాన్ని లాక్కొచ్చి గోడకి వేసింది.

"ఆ రేకులు ముట్టుకోకండి," అన్నాడు ముద్రల సారు గబగబా. "మీద పడితే నా పూచీ కాదు."

"నిచ్చెన పట్టుకో," అంది డిటెక్టివ్ ఇస్త్రీ ఆవిడతో.

ఎత్తంటే ఆమెకి చచ్చేంత భయం. ఒక్కో మెట్టూ ఎక్కుతూ కింద చూడకుండా గోడ ఇటుకల్ని చూసింది. పైకి చేరి రేకుని రెండు చేతులా తోసింది. మసి జలజలా మొహం మీద పడింది. కళ్లు తుడుచుకుని టార్చి వేసింది.

గోడ లేదు.

సీలింగ్ రేకుకి మూడు వేళ్ల పైన ఇటుకలు ఆగిపోయాయి. అక్కడి నుంచి పైకప్పు స్లాబు దాకా ఖాళీ. మనిషి బోర్లా పడుకుని దూరిపోయేంత ఖాళీ. కరెంటు తీగలు ఆ సందులోంచి హాయిగా అవతలికి వెళ్తున్నాయి. స్లాబు అడుగున నల్లటి చార ఒకటి ఇటు నుంచి అటు సాగింది, పొయ్యి మీది గోడకి పట్టిన మసిలా. కింద కనబడేంతమేర గోడ కట్టి, కనబడని చోట కట్టడం మానేశారు. మంట రెండు గంటలు ఆగే గోడని పొగ ఒక్క నిమిషం కూడా పట్టించుకోలేదు.

"సారూ," అంది ఆమె. "ముద్ర వేసేముందు ఒక్కసారి, ఒక్క రేకు ఎత్తి చూసుంటే..."

కింద తలుపు మూసుకున్న చప్పుడైంది. తరవాత తాళం పడిన చప్పుడు.

ఇస్త్రీ ఆవిడ పరిగెత్తి తలుపు బాదింది. "సారూ! సారూ! ఇదేం పని?"

బయటి నుంచి ఆయన మాట వినిపించింది. కోపంగా లేదు. వేడుకుంటున్నట్టుంది. "ఐదింటిదాకా ఉండండి. పిల్లలు లోపలికెళ్లి సర్దుకుంటే ఇంక ఎవరూ గొడవ చెయ్యరు. నేనే వచ్చి తీస్తా. నాకూ పిల్లలున్నారమ్మా, ఉద్యోగం పోతే..." అడుగుల చప్పుడు దూరమైంది.

డిటెక్టివ్ నిచ్చెన మీదే ఉండిపోయింది. అప్పుడు గమనించింది, మొహానికి గాలి తగులుతోంది. అవతలి హాల్లోంచి ఈ సందులోకి వస్తున్న గాలి. కాలి చల్లారిన గదిలో నిలబడ్డ ఆమెకి ఆ గాలి వెచ్చగా తగిలింది. దాంట్లో వాసన ఉంది. మాడిన నూనె వాసన.

"అవతలి హాల్లో ఏముంది?" అంది కిందికి చూడకుండా.

"ఖాళీ హాలే అక్కా. పొద్దున్నే ఓనరు సారుతో తాళం తీయించి, ఇక్కడ కాలకుండా మిగిలిన రెండు మిషన్లూ అక్కడ పెట్టించాడు. ఆస్పత్రి వాళ్లు గుడ్డలకి ఆగరు కదా."

"పొద్దున ఎవరు పనిచేశారు?"

"నేనే. పోలీసులు సాయంత్రం రమ్మన్నారు, ఈలోపు పని చేసిపెట్టు, కేసు సంగతి నేను చూసుకుంటా అన్నాడు ఓనరు. క్యాంటీన్ గుడ్డలన్నీ మడిచి, గోడవారగా పేర్చి వచ్చా."

డిటెక్టివ్ ఈసారి కిందికి చూసింది. "వేడి మీదేనా?"

"వేడి మీదే." అని ఇస్త్రీ ఆవిడ ఆగింది. ఇందాక డిటెక్టివ్ వేలితో పొడి చేసిన దొంతర వైపు చూసింది. తన చేతుల వైపు చూసుకుంది. ఎవరూ చెప్పకుండానే ఆవిడకి అర్థమైపోయింది. ఆ మొహం చూడలేక డిటెక్టివ్ సందులోకి తిరిగింది.

చెయ్యి గోడ మీదుగా చాపి అవతలి రేకు అంచు ఎత్తింది. కింద హాలు. మనిషి లేడు. రెండు మిషన్లూ ఆగి ఉన్నాయి. గోడకి ఆనుకుని తెల్లటి దొంతరలు, ఎంతో నీటుగా, మూలలు కలిపి పేర్చినవి. మధ్య దొంతరలోంచి సన్నటి పొగ తిన్నగా పైకి లేస్తోంది. మంట లేదు. చప్పుడు లేదు. దానికి పది అడుగుల దూరంలో హాస్టలు మెట్లు.

"ఐదింటికి ఇంకా చాలా టైముంది," అంది ఇస్త్రీ ఆవిడ కింద నుంచి, తనకి తానే చెప్పుకుంటున్నట్టు. "పిల్లలు ఇంకా రాలేదు. ఖాళీ హాస్టలే. కాలితే కాలనీ. కదక్కా?"

డిటెక్టివ్ ముందు ఫైరింజనుకి ఫోన్ చేసింది. వస్తున్నామన్నారు. తరవాత అక్క కూతురికి చేసింది. చాలాసేపు మోగింది.

"ఊఁ... పిన్నీ?" నిద్ర గొంతు.

"ఎక్కడున్నావు?"

"పడుకున్నా పిన్నీ. రాత్రి డ్యూటీ చేసొచ్చాగా. ఏంటి?"

"కాలేజీలోనేగా? కాలేజీ హాల్లోనేగా పడుకున్నావు?"

"లేదు, హాస్టల్లో. నైట్ డ్యూటీ వాళ్లని పొద్దున్నే తీసుకొచ్చేశారు, కాలేజీ హాల్లో నేల మీద నిద్రపట్టదని మేమే అడిగాం. మిగతావాళ్లు సాయంత్రం వస్తారు. అమ్మకి చెప్పకు, తిడుతుంది."

డిటెక్టివ్ నిచ్చెన కర్రని గట్టిగా పట్టుకుంది. "బంగారం, నేను చెప్పేది విను. అరవకు. లేచి అందరినీ లేపు. చెప్పులు, పుస్తకాలు ఏవీ వద్దు. మెట్లు దిగి తిన్నగా రోడ్డు మీదికి. కింద హాల్లో ఎక్కడా ఆగొద్దు."

"మళ్లీనా?" నిద్ర ఎగిరిపోయింది. ఫోన్లోంచి కాళ్ల చప్పుడు, పేర్లు పిలవడం, ఎవరో విసుక్కోవడం, ఇంకెవరో ఏడుపు మొదలెట్టడం వినిపించాయి. పరిగెత్తడం. తలుపు గుంజడం. మళ్లీ గుంజడం.

"పిన్నీ, మెట్ల తలుపు రావట్లేదు."

"తొయ్యి."

"తోస్తున్నా! అందరం తోస్తున్నాం! బయట వేసుంది. పగలు పడుకునేవాళ్లని ఎవరూ లేపకూడదని వార్డెనమ్మ బయట వేసి పోతుంది పిన్నీ. రోజూ అంతే." మళ్లీ తలుపు బాదిన చప్పుడు. "నిన్న కూడా వేసే ఉంది. పక్క గది పిల్ల ఈ తలుపు దగ్గరే పడిపోయింది."

ఆ అమ్మాయి ఎలా చనిపోయిందో ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. పొగకి అన్నారు, సరే అనుకున్నారు. డిటెక్టివ్ కూడా అలాగే అనుకుంది.

కింద దొంతర వైపు చూసింది. పొగ ఇందాకటికన్నా లావైంది. రంగు మారింది, పసుపుగా.

"అందరూ గదుల్లోకి వెళ్లండి," అంది ఫోన్లో. "తలుపుల కింద తడిగుడ్డలు పెట్టండి. కిటికీలు తీసి కేకలు వెయ్యండి. నేను వస్తున్నా."

"ఎక్కడి నుంచి?"

జవాబు చెప్పకుండా ఆమె టార్చి నోట కరుచుకుని సందులోకి తల పెట్టింది. భుజాలు ఇరుగ్గా పట్టాయి. ఇస్త్రీ ఆవిడ నిచ్చెన ఎక్కి వచ్చి ఆమె పాదాలకి తన అరచేతులు ఆనించి తోసింది. ఆవిడ చేతులు మంచులా ఉన్నాయి.

"ఆ గుట్టని కదపకక్కా, గాలి తగిలితే భగ్గుమంటుంది. దాటుకుని పో. నేను ఈ తలుపు పగిలేదాకా బాదుతా." కొంచెం ఆగి, "నా గుడ్డలక్కా అవి," అంది.

గోడ తల మీద పొట్ట ఆనించి డిటెక్టివ్ ముందుకి జరిగింది. ఎగుడుదిగుడు సిమెంటు చర్మాన్ని గీరింది. పొగ సూటిగా కళ్లల్లోకి వస్తోంది. కింద హాలు నేల చాలా లోతుగా కనబడింది. ఒక్క క్షణం వెనక్కి వెళ్లిపోవాలనిపించింది. నిజంగానే అనిపించింది.

టార్చి నోట్లోంచి తీసి చెవి దగ్గర ఫోన్ పెట్టుకుంది.

"బంగారం, ఒక్కటి చెప్పు. ఆ తలుపుకి బయట ఉన్నది గడియా, తాళమా?"

గడియైతే తీయొచ్చు.

అవతల దగ్గు వినిపించింది. ఒకరిది కాదు, చాలామందిది.

"లోపలి నుంచి ఎలా తెలుస్తుంది పిన్నీ?"

డిటెక్టివ్ కాళ్లు హాలు వైపుకి జార్చి, గోడని వదిలేసింది.